అద్దం వెనక పుస్తకం

బొమ్మను చూడడానికి వేస్తారు. పుస్తకాన్ని చేతిలోకి తీసుకోవడానికి చేస్తారు. ఈ రెండూ ఒకటైనచోట విమర్శకుడికి చిక్కు వస్తుంది. చిత్రకారుడు తానే కాగితం ఎంచి, తానే అచ్చువేసి, మడిచి, కుట్టి తయారుచేసే పుస్తకాల సంగతి నేను చెబుతున్నది. బొమ్మలున్న ప్రతి పుస్తకమూ ఈ కోవలోకి రాదు. కాగితం మందం, మడత, పుటల వరస కూడా అర్థంలో భాగం పంచుకున్నప్పుడే వస్తుంది. ఇటువంటి పుస్తకాలు ఇప్పుడు పోటీ ప్రదర్శనలకు వెళుతున్నాయి. వెళ్లవలసిందే. కాని అక్కడ వాటిని ఎలా చూసి ఎంపిక చేస్తున్నారన్నది నా ప్రశ్న.

1913లో పారిస్‌లో కవి బ్లేజ్ సెంద్రార్, చిత్రకారిణి సోనియా డెలొనే కలిసి ఒక పుస్తకం చేశారు. సైబీరియా మీదుగా సాగే రైలు ప్రయాణం అందులోని కవితా వస్తువు. దాదాపు రెండు మీటర్ల పొడవున్న కాగితాన్ని మడతలుపెట్టి చిన్న అట్టలో ఇమిడ్చారు. మడత విప్పినకొద్దీ పద్యమూ రంగులూ కలిసి కిందికి దిగుతాయి, ప్రయాణం సాగుతుంది. దానికి ఫోటో తీస్తే రంగుల పటం కనిపిస్తుంది, ప్రయాణం కనిపించదు. అయినా పోటీ ప్రదర్శనల్లో చాలావాటికి మొదట పంపవలసింది ఫోటోలే!

ఈ విషయంలో నా తప్పు కూడా ఒకటి ఉంది. నేత కుటుంబంలో పుట్టిన నా మిత్రుడొకడు తండ్రి మగ్గం మీద ఒక పుస్తకం చేశాడు. మొదటి పుటలో నిండు బట్ట. పుట తిప్పినకొద్దీ పేక పలచబడుతుంది. చివరి పుటలో పడుగు పోగులు మాత్రమే మిగులుతాయి. ప్రవేశపత్రంతోపాటు రుసుమూ, మూడు ఫోటోలూ పంపమన్నారు. అట్ట, నడిమి పుట, చివరి పుట పంపమని సలహా చెప్పింది నేనే. పుస్తకం తిరిగొచ్చింది. ముందు పుటలు చూడనివాడికి చివరి పుట నాలుగు దారాలు తప్ప మరేమీ కాదు. ఎంపిక సంఘాన్ని తిట్టుకున్నాను గాని, ఆ పుస్తకానికి మొదటి న్యాయనిర్ణేతను నేనే అని తర్వాత తోచింది.

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. మిత్రుడు పాఠం నేర్చుకున్నాడు. రెండో పుస్తకాన్ని ఫోటోకోసమే చేశాడు. నడుమ ఒక జత పుటలు కళ్లు చెదిరేలా ఉంటాయి. తక్కినవి వాటికి కావలికాస్తుంటాయి. అది ఎంపికయింది. ఆ పుటల దగ్గరే తెరిచి అద్దాల పెట్టెలో పెట్టారు. చూడడానికి వచ్చిన అతని తండ్రి అద్దంమీద వేలుపెట్టి, ‘‘తతిమ్మా పుటల్లో ఏముందిరా?’’ అని అడిగాడు. మిత్రుడు జవాబు చెప్పలేదు.

అయితే న్యాయనిర్ణేతలే వద్దందామా? 1917లో న్యూయార్క్‌లో స్వతంత్ర కళాకారుల సంఘం అలాగే అంది. రుసుము కట్టిన ప్రతివారి పనినీ ప్రదర్శిస్తామంది. మార్సెల్ ద్యుషాం మారుపేరుతో పింగాణీ మూత్రపు తొట్టి పంపేసరికి ఆ మాట నిలబెట్టుకోలేకపోయింది. ఎంపిక లేదన్నచోట అది చాటుగా జరుగుతుంది. పత్రికలో ఏది అచ్చువెయ్యాలో తేల్చే మనమూ ఒక ఎంపిక సంఘమే. కనుక నా తగవు ఎంపికతో కాదు, పుస్తకం ముట్టుకోకుండా చేసే ఎంపికతో.

చేతులు మారే పుస్తకానికి ఎంత బలముందో మన దేశంలో తెల్లదొరలు గుర్తించారు. బెంగాల్ కరువు కాలంలో చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లాలో తిరిగి, చూసినదాన్ని బొమ్మల్లోనూ మాటల్లోనూ పెట్టి 1943లో ‘హంగ్రీ బెంగాల్’ తెచ్చాడు. ప్రభుత్వం ప్రతులను పట్టుకుని తగలబెట్టింది. మిగిలిన ఒక ప్రతి ఆధారంగా 2011లో అది మళ్లీ అచ్చయింది. చట్రంలో బిగించి గోడకు తగిలించిన బొమ్మ దగ్గరికి జనం నడిచి రావాలి. పుస్తకం తానే జనం దగ్గరికి నడిచివెళుతుంది. పాలకుల భయం ఆ నడకను చూసే.

అద్దాలపెట్టె పుస్తకాన్ని తగలబెట్టదు, నిజమే. గౌరవిస్తుంది కూడా. ఒకే ప్రతి ఉన్నప్పుడు వందమంది చేతులు పడితే అది చిరిగిపోతుందన్న మాటనూ కాదనలేం. కాని దారులు లేకపోలేదు. ఫోటోలు తొలి వడపోతకే పరిమితం కావాలి. తుది నిర్ణయానికి ముందు ప్రతి న్యాయనిర్ణేతా పుస్తకాన్ని మొదటినుంచి చివరివరకు తన చేత్తో తిప్పాలి. ప్రదర్శనలో అసలు ప్రతి అద్దంలో ఉన్నా, పక్కన బల్లమీద ఒక నకలు ఉండాలి. చిత్రకారుడు కూడా రెండో ప్రతి చెయ్యడాన్ని చిన్నతనంగా ఎంచకూడదు.

మిత్రుడి మొదటి పుస్తకం ఇప్పుడు వాళ్ల ఇంట్లోనే ఉంది. ఇరుగుపొరుగు నేతపనివారు వచ్చి తిప్పి చూస్తుంటారు. అట్ట అంచులు నలిగాయి. దాన్ని మళ్లీ పోటీకి పంపమని అడిగాను. పంపితే ఈసారి మూడు ఫోటోలతో సరిపెట్టవద్దనీ, పుస్తకాన్నే చూడండనీ లేఖ రాస్తానన్నాను. అది నేను తీర్చవలసిన బాకీ.