చిన్నోని మాట

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత వారపత్రిక ఒకటి దొరికింది. కాచిగూడ ఇంటికి తెచ్చుకుని అందులోని కథ చదివాను. అన్న రెక్కలు ముక్కలు చేసుకుని తమ్ముణ్ని చదివిస్తాడు. ఉద్యోగం రాగానే తమ్ముడు మొహం చాటేస్తాడు. నా మొదటి కథా అచ్చం ఇదే. అది చదివి మా అక్క అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది: "అన్న మాటలే రాసినవు తమ్మీ. చిన్నోని మాట ఒక్కటన్న లేదేంది?"

నా దగ్గర జవాబు లేదు. 'వాడికోసం ఎంత చేశాను' అని అన్న పెళ్లిళ్లలో, చుట్టాల ముందు ఎన్నిసార్లన్నాడో తమ్ముడు లెక్క పెట్టుకునే ఉంటాడు. ఆ లెక్క నేను రాయలేదు.

ఆ లెక్క రాయాలంటే ఓర్వలేనితనం పుట్టిన రోజును పట్టుకోవాలి. పల్నాటి కథ చెప్పేవాళ్లు కోడిపందెం దగ్గర ఆగుతారు. నాకు అంతకు ముందరి రోజు కావాలి: సవతి తల్లుల బిడ్డలు నలగామరాజు, మలిదేవరాజు గురజాల, మాచెర్ల అని రాజ్యం పంచుకున్న రోజు.

మన ఇళ్లలో అలాంటి తేదీ చట్టంలోనే ఉంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కిస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయిన ఆడపిల్లకు మాత్రం అది వర్తించలేదు. ఒక ఇంట్లో అక్క పెళ్లి ఆ ఏడాది వేసవిలో, చెల్లెలి పెళ్లి మరుసటి వేసవిలో అయ్యాయనుకోండి. చెల్లికి వాటా ఉంది, చంకనేసుకుని పెంచిన అక్కకు లేదు. 2005లో కేంద్రం చట్టం మార్చేదాకా ఇంతే. ఆలోపే పంపకాలు అయిపోయిన ఇళ్లలో ఆ తర్వాతా అంతే.

ఆ అక్క భూమి ఊసెత్తదు. అమ్మ ఇత్తడి గంగాళం ఇమ్మంటుంది. అంచున సొట్ట పడ్డ ఆ గంగాళంలో నీళ్లు కాచే చెల్లికి తలంటు పోసేది. చెల్లెలు ఇవ్వనంటే ఆమెకు విశ్వాసం లేదని రాసేయడం తేలిక. గంగాళం ఇస్తే రేపు వాటా అడుగుతుందేమోనన్న భయాన్ని, అత్తింటివాళ్లు నూరిపోసిన ఆ భయాన్ని రాయడమే కష్టం. కథ అక్కడే ఉంది.

కొత్తగా కథలు రాస్తున్న పిల్లలూ, పత్రికకు పంపేముందు మీరు చెడ్డవాణ్ని చేసినవాడి పక్కన కూర్చుని ఒక్క పేజీ రాయండి. నేనూ ఈ వారం నా మొదటి కథను తమ్ముడి వైపు నుంచి మళ్లీ మొదలుపెట్టాను. ముందుగా అక్కకే చూపిస్తాను.