రాళ్ళసీమలో దయానిధి: ‘చివరకు మిగిలేది’లో స్నేహం

బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ (నవోదయలో ధారావాహికగా, 1946–47) పై వచ్చిన విమర్శ ఎక్కువగా దయానిధి మనస్సును తల్లి నుండే వివరిస్తుంది. తల్లి శీలంపై లోకం మోపిన నింద, కోమలి ఆకర్షణ, అమృతంతో అనుబంధం, ఇందిరతో పొసగని దాంపత్యం – ఈ వరుసలో అతడు ప్రేమించలేని వ్యక్తిగా తేలుతాడు. ఈ నిర్ణయం సగమే సరైనది. అతనిలో కొరవడినది అనుభూతి కాదు; దాన్ని లోకం అంగీకరించే రూపంలో వ్యక్తం చేసే శక్తి.

ఈ భేదం రాయలసీమ ఘట్టంలో స్పష్టమవుతుంది. రచయిత అనంతపురంలో ఆంగ్లోపన్యాసకులుగా పనిచేశారు. వానలకు వజ్రాలు బయటపడే వజ్రకరూరు నేల ఆ జిల్లాలోనిదే. వైద్యుడిగా ఈ సీమకు చేరిన దయానిధికి అనంతాచారి స్నేహం లభిస్తుంది. బంధుత్వం అతణ్ణి ఎప్పుడూ కొడుకుగానో భర్తగానో రుజువు చేసుకోమంటుంది. ఈ స్నేహం అలా అడగదు. ప్రేమను మాటల్లో చెప్పలేనివాడు రోగి పక్కన నిలబడగలడు. మానవత్వానికి నవల చూపే కనీస ప్రమాణం ఇదే (దీన్ని ఫ్రాయిడ్ పరిభాషలోకి కుదించనక్కరలేదు).

అయితే వజ్రం దొరకడం ఈ పరీక్షను తేలిక చేసింది. పైగా కరువు రైతు ఇక్కడ నేపథ్యంగానే మిగిలాడు. దయానిధి అతణ్ణి ఎలా చూశాడో తెలుస్తుంది. అతడు దయానిధిని ఎలా చూశాడో నవల దాదాపుగా చెప్పదు.