సంత నుంచి రోటి దాకా: చియాంగ్ మైలో థాయ్ వంట పాఠం

థాయ్ వంట నేర్పే పద్ధతుల్లో, నేర్చుకునేవారిని మొదట సంతకు తీసుకువెళ్లి, సరుకు చేతికిచ్చి, వాసన చూపించి, ఆ తరువాతే పొయ్యి దగ్గర నిలబెట్టే పద్ధతి ఒకటి ఉంది. దానికి ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మై నగరం నేడు పెద్ద కేంద్రం. 1296లో మెంగ్రాయ్ రాజు లాన్నా రాజ్యానికి రాజధానిగా నిర్మించిన ఈ నగరంలో, పాత కోట చుట్టూ ఉన్న కందకానికి ఇరువైపుల వీధుల్లోనూ, ఊరి వెలుపలి కూరగాయల తోటల్లోనూ, 1990ల నుంచి పర్యాటకుల కోసం వంట బడులు వెలుస్తూ వచ్చాయి. ఒక పూటతోనో ఒక రోజుతోనో ముగిసే ఈ పాఠంలో నేర్చుకునేవారు నాలుగైదు వంటకాలు స్వయంగా వండి, వండినవి తామే తిని, వంటకాల చిన్న పుస్తకం ఒకటి వెంట తీసుకువెళ్తారు. ఆ పుస్తకంలోని కొలతలు ఎక్కడైనా దొరికేవే. పాఠం విలువంతా ఏ సరుకు ముందు పడాలి, ఏది ఆఖరున పడాలి అన్న వరుసలోనూ, వండినదాన్ని రుచి చూసి సరిదిద్దే నేర్పులోనూ ఉంది. పక్కన నిలబడి చూపేవారు లేకుండా ఈ రెండూ అలవడడం కష్టం.

పూర్వం ఈ విద్య ఇళ్లలో తల్లుల దగ్గరా, రాచనగరు వంటశాలల్లోనూ మాత్రమే దొరికేది. ప్లియన్ ఫసకొరవోంగ్ అనే ప్రభుకుటుంబపు మహిళ రచించిన ‘మే క్రువా హువా పా’ 1908లో అచ్చు కావడంతో థాయ్ వంట తొలిసారిగా సమగ్రమైన పుస్తక రూపం పొందింది. అయితే పుస్తకం వచ్చినంత మాత్రాన చేతిపని అవసరం తీరలేదు. పెళ్లికూతురి వంట నేర్పును ఆమె ఇంటి నుంచి వినవచ్చే రోకటి చప్పుడుతోనే అంచనా కట్టవచ్చునన్న పాతకాలపు మాటను బట్టి, ఆ సమాజం రోటిపనికి ఎంతటి స్థానం ఇచ్చిందో ఊహించవచ్చు.

సంత సందర్శనను కాలక్షేపంగా భావించి తొందరగా ముగించాలనుకునే పర్యాటకులు చాలామంది ఉంటారు గానీ, పాఠంలో సగం అక్కడే జరుగుతుంది. తలాత్ సోత్ అని పిలిచే ఈ పచ్చి సరుకుల సంతలు తెల్లవారకముందే మొదలై, ఎండెక్కేసరికి పలచబడతాయి. కందకం పక్కనున్న సోమ్‌ఫెత్ సంతలో గానీ, పింగ్ నది వైపున్న పెద్ద సంత వరోరోత్‌లో గానీ అడుగుపెట్టినవారికి మొదట చూపించేది సాధారణంగా ఆకుల దుకాణమే. తులసి జాతికి చెందిన మూడు ఆకులు అక్కడ మూడు వేర్వేరు కట్టలుగా ఉంటాయి. ఊదారంగు కాడలతో, సోంపును తలపించే తీపి వాసనతో ఉండే హోరఫా కొబ్బరిపాల కూరల్లోకి వెళ్తుంది. నిమ్మ వాసన వేసే లేత ఆకు మేంగ్లక్ పలుచని కూరగాయల పులుసుల్లోకి వెళ్తుంది. లవంగపు ఘాటు ఉన్న కఫ్రావ్‌ను మిరపకాయ, వెల్లుల్లితో కలిపి పెద్ద మంట మీద వేయిస్తారు. ఈ మూడోది తెలుగువారి పెరట్లో కోటలో పూజలందుకునే తులసే. దాన్ని వండడం మనసుకు రుచించనివారు ఆ వంటకాన్ని విడిచి మరొకటి ఎంచుకోవచ్చు. బళ్లలో ఆ వెసులుబాటు ఉంటుంది. హోరఫా వేసి వండినది మాత్రం ఆ వంటకం అనిపించుకోదు, ఎందుకంటే ఒక ఆకు చేయవలసిన పనిని మరొకటి చేయదు.

వంకాయల దగ్గర కూడా ఇదే సూక్ష్మం కనిపిస్తుంది. లేతాకుపచ్చ చారలతో గుండ్రంగా ఉండే చిన్న వంకాయను నాలుగు చెక్కలుగా కోసి కూరలో వేస్తే కొంచెం కరకరగానే ఉండిపోతుంది; బఠాణీ గింజంత కాయలు గుత్తులుగా కాసే మఖువా ఫువాంగ్ పంటి కింద చిట్లి చేదునిస్తుంది. తెలుగునాట ఉస్తికాయలుగా పులుసుల్లో వాడేది ఈ కాయనే. తీపి, కొవ్వు కలిసిన కొబ్బరిపాల కూరకు ఆ చిరుచేదు ఎంత అవసరమో తిన్నవారికి తెలుస్తుంది. కొమ్ముల కుప్పలో అల్లం పక్కనే, అల్లం కంటే నునుపైన తెల్లని చర్మంతో, గులాబీ మొగ్గలతో కనిపించే ఖా అనే దుంప ఆయుర్వేదంలోని దుంపరాష్ట్రమే. దాన్ని విరిచి అల్లంతో పాటు వాసన చూడమంటారు. అల్లంలో కారం ముందుకు వస్తే, ఖాలో కర్పూరాన్నీ దేవదారునూ తలపించే పరిమళం ముందుకు వస్తుంది. ఈ దుంప ముక్కలు, నిమ్మగడ్డి కాడలు, మక్రూత్ నిమ్మ ఆకులు ఒకే కట్టగా కట్టి అమ్ముతారు. తోమ్ యమ్ అనే కారపు పులుసుకు ఆ కట్ట ఒకటి చాలు.

కొత్తిమీరను వేళ్లతో సహా అమ్మడం తెలుగు సంతల్లోనూ ఉన్నదే గానీ, ఇక్కడ వేళ్లు కోసి పారేస్తారు, అక్కడ వేళ్ల కోసమే కట్ట కొంటారు. కొత్తిమీర వేరు, వెల్లుల్లి, తెల్లమిరియం అనే మూడింటినీ కలిపి నూరిన ముద్ద థాయ్ వంటలో ఊరవేయడానికీ, ఉడికించడానికీ, వేపుడుకూ పునాది. ఆకులో లేని మట్టివాసన, గాఢత వేరులో ఉంటాయి; ఉడికినా అవి పోవు.

ఇక ఉప్పదనం సంగతి. చిన్న నెత్తళ్ల జాతి చేపలను ఉప్పుతో కలిపి పెద్ద తొట్లలో 12 నుంచి 18 నెలలు మగ్గబెట్టి, ఊరిన ద్రవాన్ని వడకడితే వచ్చేది నామ్ ప్లా; సన్నరొయ్యలను ఉప్పుతో ఎండబెట్టి, దంచి, మగ్గబెడితే వచ్చే ఊదాగోధుమరంగు ముద్ద కపి. ఈ రెండూ లేని థాయ్ కూర అరుదు కనుక, శాకాహారులు కూరగాయల వంటకం అన్న మాటను నమ్మి ఊరుకోకుండా ముందే చెప్పుకోవడం అవసరం. నామ్ ప్లాకు బదులు సోయా పులుసు వాడడం అందరికీ తెలిసిన మార్గమే. చియాంగ్ మై సంతలో అంతకంటే విశేషమైన సరుకు మరొకటి ఉంది: ఉడికించిన సోయా గింజలను పులియబెట్టి, దంచి, పలుచని బిళ్లలుగా తట్టి ఎండబెట్టిన తువా నావ్. షాన్ జాతివారి వంటతో ముడిపడిన ఈ బిళ్లను నిప్పుల మీద కాల్చి పొడిచేసి, సముద్రానికి దూరంగా ఉన్న ఈ కొండ ప్రాంతంలో కపి పని చేయించుకుంటారు. శాకాహారికి ఇంతకంటే సహజమైన ప్రత్యామ్నాయం లేదు. అడిగితే తప్ప దీన్ని చూపని బళ్లు ఉన్నాయి గనుక అడగడమే మేలు.

సంత నుంచి తిరిగి వచ్చాక పాఠానికి గుండెకాయ వంటి పని మొదలవుతుంది. క్రోక్ హిన్ అనే నల్లరాతి రోటిలో, బరువైన రాతి పొత్రంతో నామ్ ప్రిక్ కేంగ్ అనే కూరముద్ద నూరడమే ఆ పని. ముందుగా ధనియాలు, జీలకర్ర దోరగా వేయించి, తెల్లమిరియాలతో కలిపి పొడిచేసి పక్కన పెడతారు. ఖాళీ అయిన రోటిలో మిరపకాయలు వేసి గళ్లుప్పు చల్లుతారు. ఎర్ర ముద్దకైతే నానబెట్టి పిండిన ఎండుమిరపకాయలు, పచ్చ ముద్దకైతే పచ్చిమిరపకాయలు. ఉప్పు ఇక్కడ రుచికి మాత్రమే పడదు, దాని గరుకుదనం మిరప తొక్కును చీల్చడానికి పనికివస్తుంది. మిరప మెత్తబడ్డాక సన్నగా తరిగిన ఖా, నిమ్మగడ్డి, మక్రూత్ నిమ్మ పైతొక్కు, కొత్తిమీర వేరు ఒకదాని వెంట ఒకటి పడతాయి. ముందు పడినది పూర్తిగా నలిగేదాకా తరువాతిది రోట్లోకి రాదు. వెల్లుల్లి, చిన్న ఎర్రఉల్లి ఆ తరువాత వస్తాయి, పక్కన పెట్టిన పొడి, కపి ఆఖరున కలుస్తాయి. గట్టివి, పీచువి, ఎండువి ముందు, తడివి వెనుక అన్న ఈ క్రమానికి కారణం తేలికగానే బోధపడుతుంది: ఉల్లి ముందే పడితే దాని నీటిలో నిమ్మగడ్డి పీచు జారిపోయి ఎంతసేపు దంచినా నలగదు, పైగా రసం కళ్లలోకి చిందుతుంది. పొత్రాన్ని నేరుగా పైకెత్తి రోటి నడిమి గుంటలో కాకుండా కొద్దిగా వాలుగా, రోటి గోడకు ఒరసేలా వేయాలని, ఎడమ అరచేతితో రోటి అంచును మూసి చిందకుండా కాయాలని నేర్పేవారు చూపిస్తారు. మణికట్టు అలసిపోయే ఈ పనికి అరగంట దాకా పడుతుంది; ముద్దను రెండు వేళ్ల మధ్య రుద్దితే పీచు తగలనప్పుడు, వాసనలో ఏ ఒక్క సరుకూ విడిగా పోల్చుకోలేనప్పుడు అది సిద్ధమైనట్టు లెక్క.

మిక్సీలో ఇదే ముద్ద నిమిషంలో తయారవుతుంది కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. మిక్సీ బ్లేడు పీచును కోస్తుంది, రాయి కణాలను నలిపి వాటిలోని సుగంధ తైలాన్ని బయటికి పిండుతుంది. పైగా బ్లేడు తిరగాలంటే నీళ్లు పోయక తప్పదు, నీళ్లు చేరిన ముద్ద నూనెలో వేగడానికి బదులు ముందు ఉడుకుతుంది. రోటి పచ్చడికీ మిక్సీ పచ్చడికీ తేడా ఎరిగిన తెలుగు పాఠకులకు ఇంతకుమించి వివరణ అక్కర్లేదు. అందువల్ల, సమయం ఆదా చేయడానికి సంతలో కొన్న ముద్దను గిన్నెల్లో పెట్టి అందించే బడిలో ఎన్ని వంటకాలు నేర్పినా, పర్యాటకుడు అసలు పాఠం పోగొట్టుకున్నట్టే. ఆరు వంటకాల బడి కంటే, మూడే వంటకాలు నేర్పి ముద్ద నూరించే బడి మేలైనది.

ఈ ముద్దకు మూలమైన మిరపకాయే థాయ్ నేలకు కొత్తది. తెలుగునాట లాగే అక్కడ కూడా 16వ శతాబ్దంలో పోర్చుగీసుల రాకతోనే అడుగుపెట్టింది, అంతకుముందు కారమంటే మిరియాలదే. ఏలకులు, దాల్చినచెక్క, లవంగాలు వేసే మస్సమన్ కూర ముస్లిం వర్తకుల సంపర్కంతో పుట్టింది. 19వ శతాబ్దపు తొలినాళ్లలో రెండవ రాముడనే రాజు తన కవితలో దాన్ని ప్రశంసించాడు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నానికీ, అయుత్థయ అనే థాయ్ రాజ్యపు రేవు మెర్గుయ్‌కీ మధ్య ఓడలు తిరిగేవనీ, పారశీక వర్తకులు రెండు రాజ్యాల్లోనూ పలుకుబడి కలిగి ఉండేవారనీ గుర్తుచేసుకుంటే, ఆ కూర వాసన తెలుగువారికి కొంత పరిచయంగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

నూరిన ముద్ద నేరుగా నూనెలోకి వెళ్లదు. ముదురు కొబ్బరికాయను కోరి, కొద్ది గోరువెచ్చని నీటితో పిండితే వచ్చే మొదటి చిక్కటి పాలను హువా కతి అని, అదే పిప్పిని మళ్లీ నీళ్లు పోసి పిండితే వచ్చే పలుచని పాలను హాంగ్ కతి అని అంటారు. చిక్కటి పాలను మూకుట్లో పోసి మధ్యస్థమైన మంట మీద కదుపుతూ ఉంటే, నీరు ఆవిరై, బుడగలు చిన్నవై, అంచుల వెంట మెరిసే నూనె చుక్కలు విడివడతాయి. తేక్ మన్ అనే ఈ దశ, అంటే కొబ్బరిపాలు విరిగి నూనె తేలడం, థాయ్ కూరకు కీలకం. సుగంధ తైలాలు నీటిలో కంటే నూనెలో బాగా కరుగుతాయి కనుక ముద్దను ఈ నూనెలోనే వేయించాలి. పచ్చివాసన పోయి, నూనె ముద్ద రంగు పూసుకుని పైకి తేలాక మాంసం గానీ, కూరగాయలు గానీ వేసి పలుచని పాలు పోస్తారు. అట్టపెట్టెల్లో దొరికే కొబ్బరిపాలు తరచుగా విరగవు, ఎందుకంటే నూనె, నీరు విడిపోకుండా వాటిలో స్థిరీకరణ పదార్థాలు కలుపుతారు; ఇంట్లో వండేవారు లేబుల్ చూసి కొనడమో, రెండు చెంచాల కొబ్బరినూనె జోడించడమో చేయాలి.

తరువాత మిగిలేది రుచి సరిచూడడం. నామ్ ప్లా ఉప్పును, తాటిబెల్లం లేదా కొబ్బరికల్లు బెల్లం తీపిని, నిమ్మరసం లేదా చింతపండు గుజ్జు పులుపును, మిరప కారాన్ని ఇస్తాయి; వీటి పాళ్లు వంటకాన్ని బట్టే కాక, ఆ రోజు నిమ్మకాయ ఎంత పుల్లనిదో, ఆ సీసాలోని నామ్ ప్లా ఎంత ఉప్పనిదో అన్నదాన్ని బట్టి కూడా మారుతాయి. అందుకే మంచి ఉపాధ్యాయులు చెంచాల లెక్క చెప్పి ఊరుకోరు. కొద్దికొద్దిగా కలిపించి, ప్రతిసారి రుచి చూపించి, ఏది తగ్గిందో నేర్చుకునేవారి చేతే చెప్పిస్తారు. తోమ్ యమ్‌లో నిమ్మరసం గిన్నె దించాకే పిండాలన్న నియమం ఇక్కడే తెలుస్తుంది, మరిగితే దాని పరిమళం ఎగిరిపోయి చేదు మిగులుతుంది. రొయ్యల తోమ్ యమ్‌ను యునెస్కో 2024 డిసెంబరులో మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చేర్చదగినది ఈ నాలుక విద్యే.

వేపుడు నూడుల్స్ అయిన పాడ్ థాయ్ దాదాపు ప్రతి బడిలోనూ ఉంటుంది. 1930ల చివర, 1940ల ఆరంభంలో ఫిబూన్ సోంగ్‌క్రామ్ ప్రభుత్వం జాతీయతా ప్రచారంలో భాగంగా ప్రోత్సహించిన వంటకం అది. చీనా మూకుడు పద్ధతి, థాయ్ రుచులు కలిసినది. నేర్చుకోవడానికి సులువు, కానీ ఉత్తర ప్రాంతానికి వెళ్లి దాంతోనే సరిపెట్టుకోవడం నష్టం. రాత్రి నానబెట్టి, నీళ్లలో ఉడికించకుండా వెదురు బుట్టలో ఆవిరి పట్టే జిగురు బియ్యపు అన్నం, దాంతో నంజుకోవడానికి కాల్చిన పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, ఉల్లి దంచి చేసే నామ్ ప్రిక్ నుమ్ అనే పచ్చడి, ఇవి ఉత్తర ప్రాంతపు వంటలు. కోరితే నేర్పే బళ్లు ఉన్నాయి.

ఇంటికి తిరిగివచ్చిన తెలుగువారికి సరుకుల కొరత అనుకున్నంతగా ఉండదు. చింతపండు, తాటిబెల్లం, కొబ్బరి, అలసంద కాయలు ఊరూరా ఉన్నవే. ఉస్తికాయలు దొరికే సంతలున్నాయి. కొత్తిమీర వేళ్లు కోసి పారేయవద్దని రైతుబజారులో ముందే చెబితే చాలు. ఆయుర్వేద దుకాణంలో దొరికే ఎండు దుంపరాష్ట్రం మాత్రం పచ్చి ఖాకు సాటిరాదు, ముద్దలో నూరడానికి పనికిరాదు; పచ్చి దుంప దొరికితే ఒక కణుపును కుండీలో నాటుకోవడం మంచిది. మక్రూత్ నిమ్మ మొక్క కూడా మన వేడికి కుండీలో చక్కగా పెరుగుతుంది, దాని ఆకును ఎప్పటికప్పుడు కోసి వాడుకోవచ్చు, ఎక్కువైతే డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు.