అతుకు కనిపించే చోట

చిన్నప్పుడు లేపాక్షి నుంచి హిందూపురం వెళ్ళే బస్సులో అమ్మ నన్ను కిటికీ పక్కన కూర్చోనిచ్చేది కాదు. టౌను దగ్గరపడగానే గోడల మీద మార్నింగ్ షో పోస్టర్లు మొదలయ్యేవి. "ఆ పక్క సూడొద్దు" అనేది. చూడకూడనిది పోస్టరు మీద ఆడమనిషినా, ఆమెను చూస్తూ నిలబడ్డ మగవాళ్ళనా అన్నది నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఆ సినిమాలు చెత్త అని మాత్రం చూడకుండానే నేర్చుకున్నాను.

ముప్పయ్యేళ్ళు దాటాక, పరిశోధన పేరుతో, గది తలుపు గడియపెట్టుకుని అవి చూశాను. వాటిలో ఒకటైన మలయాళ చిత్రం 'కిన్నారత్తుంబికళ్' (2000) గురించి ఒక సదస్సులో మాట్లాడితే, చివర్లో ఒక పెద్దాయన "ఇంతకీ మేడమ్, క్వాలిటీ ఎలా ఉంది?" అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. కానీ ప్రశ్న మంచిదే, జవాబు చెప్పాల్సిందే.

ఆర్.జె. ప్రసాద్ తీసిన ఆ సినిమాకి 12 లక్షలు ఖర్చయిందని చెబుతారు. అది కోట్లు తెచ్చిపెట్టిందనీ చెబుతారు. ఇలాంటి సినిమాల్లో ఫిలిం ఖరీదు కాబట్టి రీటేకులు తక్కువ. ఒకే ఇల్లు, ఒకే తోట. పెదాలు ఒకటంటే గొంతు ఇంకొకటంటుంది. ఇవన్నీ లోపాలే, కాదనను. వీటిని చూసి మురిసిపోయే కొత్త తరం అభిరుచి కూడా నాకు నచ్చదు. అదీ ఆ పెద్దాయన నవ్వే, కాస్త చదువుకున్న నవ్వు.

అయితే అసంపూర్తి పనిని గౌరవించడం మనకు రాదా? మా ఊరి గుడిలో కల్యాణ మండపం కప్పు లేకుండా స్తంభాలతో ఆగిపోయింది. పై కప్పు చిత్రాల్లో రంగు చాలాచోట్ల రాలిపోయింది. అక్కడెవరూ క్వాలిటీ అడగరు. రాయి మీద రంభ నాట్యం చేస్తే కళ, గీతలు పడ్డ రీలు మీద షకీలా నడిస్తే చెత్త. ఈ తేడాని కాలం ఒక్కటే చేసిందని నేననుకోను.

నేను ఆగిపోయింది వేరే చోట. నగ్న దృశ్యాల్లో తన బదులు డూప్‌ని వాడారని షకీలా ఇంటర్వ్యూల్లో చెప్పారు. అంతేకాదు, సెన్సారు అయిన ప్రింటులో వేరే ఎక్కడో తీసిన 'బిట్టు' అతికించి హాళ్ళలో ఆడించడం అప్పట్లో మామూలు. దర్శనా శ్రీధర్ మిని 'రేటెడ్ ఎ' (2024) అనే పుస్తకంలో ఈ పరిశ్రమనంతా, అందులో స్త్రీల శ్రమతో సహా, పరిశీలించారు. తెర మీద ఆ అతుకు దాగదు. ముఖం తప్పుకుంటుంది, రంగు మారుతుంది, ఒక్కోసారి చేతి గాజులు కూడా మారిపోతాయి. టెక్నీషియన్‌కి అది సినిమాలోకెల్లా అధ్వాన్నమైన చోటు. నాకు మాత్రం అబద్ధం చెప్పని చోటు అదొక్కటే. ఇక్కడ ఇద్దరు ఆడవాళ్ళున్నారని అది ఒప్పుకుంటోంది. రెండో ఆమె ఎవరు? ఎంత ఇచ్చారు? తన శరీరం ఎవరి ముఖం కింద అతుకుతారో ఆమెకు చెప్పారా?

గొంతు సంగతీ అంతే. కొవ్వలిలో పుట్టిన విజయలక్ష్మి సిల్క్ స్మిత అయ్యాక, తెర మీద ఎక్కువగా వేరేవాళ్ళ గొంతుతోనే మాట్లాడింది. 1996లో ఆమె చనిపోయాక ఎన్ని వ్యాసాలొచ్చాయో! గొంతిచ్చిన వాళ్ళ గురించి రాసింది తక్కువ.

డబ్బుంటే అతుకు మాయమవుతుంది. ఇప్పుడు డబ్బు కూడా అక్కర్లేదు. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని మరో యువతి వీడియోకి అతికించి వదిలినప్పుడు చాలామంది నమ్మారు. రంగు మారలేదు, గాజులు మారలేదు. క్వాలిటీ బాగుంది. అందుకే అది కల్పితమని నిరూపించాల్సి వచ్చింది.

కాబట్టి ఆ పెద్దాయనకి నా జవాబు: అతుకు కనిపించేంత నాసిగా ఉంది, సార్.

నా దగ్గరున్న ఒక తెలుగు డబ్బింగ్ కాపీలో, టైటిల్స్ కూడా లేవు దానికి, ఎడిటర్ కట్ ఒక్క క్షణం ఆలస్యం చేశాడు. ఆ రెండో ఆమె ముఖం కనిపిస్తుంది. కెమెరా పక్కనున్న ఎవరినో చూస్తోంది, ఇక అయిపోయిందా అన్నట్టు. చెయ్యి అప్పటికే పక్కనున్న చీర కోసం వెళ్తోంది.