దోపిడీకి రెండర్థాలు

ఇంగ్లీషులో 'హైస్ట్' అంటే పథకం వేసుకుని చేసే పెద్ద దొంగతనం. అంతకుమించి ఆ మాటకి అర్థం లేదు. తెలుగులో దాన్ని దోపిడీ అంటాం. బ్యాంకుని కొల్లగొట్టడమూ దోపిడీయే, కూలివాళ్ళ కష్టాన్ని కాజెయ్యడమూ దోపిడీయే. ఆడవాళ్ళ చాకిరీ గురించీ శరీరాల గురించీ మాట్లాడేటప్పుడు మనం వాడేదీ ఆ మాటే. అమెరికన్ రచయిత్రి లీ బార్డుగో రాసిన 'సిక్స్ ఆఫ్ క్రోస్' (2015), దాని రెండో భాగం 'క్రుకెడ్ కింగ్‌డమ్' (2016) చదువుతున్నంతసేపూ ఈ రెండర్థాలూ నా బుర్రలో పక్కపక్కనే తిరిగాయి.

ఇవి పదహారు పదిహేడేళ్ళ పిల్లల కోసం రాసిన మాయల, మంత్రాల, ప్రేమల నవలలు. సాహిత్యంలో డాక్టరేట్ చేసి వీటిమీద రాయడమేమిటని నన్నడిగినవాళ్ళున్నారు. ప్రేమంటే ఏమిటో, ఎంతవరకూ సహించాలో, ఎక్కడ కాదనాలో అమ్మాయిలు మొదట నేర్చుకునేది ఇలాంటి పుస్తకాల్లోనే. అలాంటప్పుడు వాటిని పట్టించుకోకుండా వదిలెయ్యడం విమర్శకులకు గౌరవమేమీ కాదు.

కథ కెటర్‌డామ్ అనే ఊహా నగరంలో మొదలవుతుంది. ఒకప్పటి ఆమ్‌స్టర్‌డామ్‌ని తలపించే రేవు పట్టణం అది. అక్కడివాళ్ళకి వ్యాపారమే దైవం. కాజ్ బ్రెకర్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు మరో ఐదుగురిని కూడగట్టి, ఫ్యెర్డా దేశంలోని ఐస్ కోర్ట్ అనే కోటలో బందీగా వున్న శాస్త్రవేత్తని తప్పించుకురావడానికి బయల్దేరతాడు. పని జరిగితే మూడు కోట్ల క్రూగెలు ముడతాయి. మంత్రశక్తి వున్నవాళ్ళని అక్కడ గ్రీషా అంటారు. వాళ్ళ శక్తిని విపరీతంగా పెంచి, వెంటనే బానిసలుగా మార్చేసే జుర్డా పారెమ్ అనే మందు తయారీ రహస్యం ఆ శాస్త్రవేత్తకి తెలుసు. గోడలెక్కడం, వేషాలు మార్చడం, ఎత్తుకి పైఎత్తు వెయ్యడం - ఇదీ మొదటి అర్థంలోని దోపిడీ.

రెండో అర్థం ఇనెజ్ ఘఫా కథలో వుంది. సులీ అనే సంచార జాతికి చెందిన ఈ అమ్మాయి తాడుమీద నడిచే కళాకారుల ఇంట పుట్టింది. పద్నాలుగేళ్ళప్పుడు బానిసల వ్యాపారులు ఎత్తుకుపోయి కెటర్‌డామ్‌లో 'మెనాజరీ' అనే వేశ్యాగృహానికి అమ్మేస్తారు. ఆ నగరంలో బానిసత్వాన్ని చట్టం ఒప్పుకోదు. కానీ అప్పు పేరుతో, ఒప్పందం పేరుతో మనిషిని కట్టిపడెయ్యడం నేరం కాదు. ఈ తేడా ఎంత బూటకమో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చిన దేశం మనది. అయినా అడ్వాన్సు తీసుకున్న పాపానికి కుటుంబాలకి కుటుంబాలే ఇటుక బట్టీల్లో చిక్కుకుపోవడం చూశాం.

ఒకరోజు మెనాజరీకి వచ్చిన కాజ్ పక్కకి, కాళ్ళకి మువ్వలుండి కూడా చప్పుడు కాకుండా నడిచివస్తుంది ఇనెజ్. ఆ నైపుణ్యం చూసి అతను తన ముఠా నాయకుడి చేత ఆమె ఒప్పందాన్ని కొనిపిస్తాడు. ఆమె గూఢచారిణి అవుతుంది. ఒళ్ళమ్ముకునే పని తప్పింది గానీ బాకీ తప్పలేదు. అప్పులవాడు మారాడంతే. ఆ మూడు కోట్లలో తన వాటా ఆమెకి సంపద కాదు, తనని తాను విడిపించుకునే వెల. ఒకే దొంగతనానికి మగపిల్లవాడికీ ఆడపిల్లకీ ఎంత వేరు అర్థాలున్నాయో!

ప్రేమ విషయానికొద్దాం. 2005లో వచ్చిన 'ట్వైలైట్'లో హీరో ఆ అమ్మాయికి తెలియకుండా రాత్రిపూట ఆమె గదిలోకొచ్చి నిద్రపోతుంటే చూస్తూ వుంటాడు. దాన్ని ప్రేమ అనుకొమ్మంటుంది ఆ నవల. ఇక్కడ కిటికీలోంచి వచ్చేది అమ్మాయి. అతని గది కిటికీలో కూర్చుని కాకులకి గింజలు వేస్తుంటుంది. కాజ్ ఎప్పుడూ చేతి తొడుగులు తియ్యడు. చిన్నప్పుడు ప్లేగులో పోయిన అన్న శవాన్ని పట్టుకుని సముద్రంలో ఈదుకొచ్చిన పిల్లవాడతను. మనిషి చర్మం తగిలితే భరించలేడు. ఇనెజ్‌కి స్పర్శ అంటే డబ్బిచ్చి తనమీద హక్కు కొనుక్కున్న చేతులు. తాకాలని వున్నా తాకలేని ఇద్దరి ప్రేమ ఇది. వుండిపొమ్మని అతనడిగినప్పుడు, ఆ కవచాలన్నీ వదిలేసి వస్తేనే కావాలి, లేకపోతే అక్కర్లేదంటుంది. ఒకసారి అమ్ముడుపోయిన అమ్మాయి ప్రేమకి షరతు పెట్టడం, ఆ షరతుని నవల గౌరవించడం నాకు చాలా నచ్చింది. అతని గాయాన్ని మాన్పే బాధ్యత కూడా ఆమె నెత్తిన పెట్టలేదు. 'నీ ప్రేమతో వాణ్ణి మార్చుకో' అనే పాత సలహా ఇందులో లేదు.

కానీ పథకానికయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారని లెక్క చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఐస్ కోర్ట్‌లోకి వెళ్ళడానికి ఇనెజ్ మళ్ళీ ఆ మెనాజరీ అమ్మాయి వేషమే వెయ్యాలి. ఏ బట్టల్లోంచి పారిపోయిందో ఆ బట్టలే తొడుక్కోవాలి. చివర్లో అందర్నీ కాపాడడానికి జుర్డా పారెమ్ మింగేది నీనా జెనిక్, జట్టులోని రెండో అమ్మాయి. ఆ తర్వాత ఆ వ్యసనంతో పోరాడేదీ ఆమే. మగపిల్లలు దెబ్బలు తినలేదని కాదు. ఆడపిల్లల శరీరాలే ఈ దోపిడీకి పనిముట్లూ పెట్టుబడీ కూడా అయ్యాయి. రచయిత్రి ఆ బాధని దాచలేదు, ఇనెజ్ నోటే చెప్పించింది. అత్యాచారాన్ని తమాషాగా చూపించలేదు. అయినా అలా జరగక తప్పని కథనే అల్లింది.

నన్ను ఎక్కువగా వేధించింది ముగింపు. ఇనెజ్ బాకీ తీర్చేది కాజ్. ఆమెకి ఓడ కొనిచ్చేది కాజ్. దూరదేశంలో వున్న తల్లిదండ్రుల్ని వెతికి రప్పించేదీ అతనే. చదువుతూ నాకూ కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత అనుమానమొచ్చింది. నెత్తురోడ్చి సంపాదించుకున్న విడుదల ప్రియుడి కానుకగా ఎందుకు రావాలి? రెండు పుస్తకాల పొడుగునా 'నా వెల నేనే కట్టుకుంటాను' అన్న అమ్మాయి చేతికి రసీదు ఇంకొకరు ఎందుకివ్వాలి? వెల కట్టి కొన్నవాడూ, వెల కట్టి వదిలినవాడూ ఒకటి కాదు, ఒప్పుకుంటాను. కానీ రెండు చోట్లా డబ్బు మగవాడి చేతిలోనే వుంది.

అయితే ఒక్క సంగతి మర్చిపోకూడదు. ఓడ అతనిచ్చాడు గానీ ఓడ కల అతనిచ్చింది కాదు. ఐస్ కోర్ట్‌లో ఆరంతస్తుల ఎత్తున్న కాల్చే కొలిమి గొట్టంలో, వేడికి చెప్పుల అడుగులు కరిగిపోతుంటే, పైకి పాకుతూ ఇక పడిపోతాననుకున్న క్షణంలో ఆమెకి తోచిన ఆలోచన అది. సొంత ఓడ, సొంత సిబ్బంది, సముద్రం మీద బానిసల వ్యాపారుల్ని వేటాడడం. అక్కడ కాజ్ లేడు. ప్రేమ కథల్లో విడుదలైన అమ్మాయికి మామూలుగా రెండే దారులు - పుట్టిల్లు, లేకపోతే అత్తిల్లు. ఇనెజ్ ఈ రెండింటినీ కాదని, తనలాంటి పిల్లలు ఇంకా బందీలుగా వున్న చోటికి పోతుంది. కాజ్ తొడుగులు లేని చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంటాడు గానీ, ఆగిపొమ్మనడు.

ఈ నవలలు చదివే అమ్మాయిలకి నేను చెప్పగలిగింది ఇంతే. కాజ్‌ని ప్రేమించండి, తప్పేం లేదు. కానీ ఆ కొలిమి గొట్టం దగ్గర పేజీ మడిచి పెట్టుకోండి. ఓడ ఎవరు కొనిచ్చారన్నది మర్చిపోయినా ఫర్వాలేదు, దాన్ని ఎటు తిప్పాలో ఎవరు నిర్ణయించుకున్నారన్నది గుర్తుంటే చాలు.