‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తన: పురమాయించినవాని పూచీ

భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డున పర్ణశాల ఉన్నది. ఆ ప్రాంతపు రైతు ఒకడు తన ఇంటి కొలతకు గాదె అల్లమని మేదరికి పురమాయించి, తీరా అల్లిన పిమ్మట వద్దన్నాడనుకోండి. మేదరి దాన్ని ఎవరికి అమ్ముకోవాలి?

ఇలా చెప్పి చేయించుకొనే ఒప్పందాన్ని ఫిఖ్హ్‌లో ‘ఇస్తిస్నా’ అంటారు. మర్గీనానీ తన ‘హిదాయా’లో, వస్తువును చూచిన తరువాత తీసుకొనే, మానుకొనే స్వేచ్ఛ పురమాయించినవానికి ఉన్నదన్నారు. అయితే ఇమాం అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయాన్నీ ఆయనే ఉదహరించారు: ఆ స్వేచ్ఛ ఇస్తే పనివానికి నష్టం, ఒకరి కోసం చేసినదాన్ని మరొకరు అదే వెలకు కొనకపోవచ్చు. 1869-76 మధ్య వెలువడిన ఉస్మానీ తుర్కుల ‘మజల్లా’ 392వ అధికరణంలో ఈ రెండవ మార్గాన్నే గ్రహించింది. చెప్పిన లక్షణాలు లేని వస్తువుకే మినహాయింపు ఇచ్చింది. న్యాయం ఇటువైపే ఉన్నది.

రామదాసు చెరసాల కీర్తన ‘ఇక్ష్వాకు కులతిలక’ను నిందాస్తుతిగా చదవటం పరిపాటి. కాని దాని స్వరూపం పద్దుది. ఎవరికి ఏ నగ చేయించిందీ, దానికి ఎంత పట్టిందీ వరుసగా ఉంటుంది. సీతమ్మ పతకానికి పదివేల మొహరీలు. ఆ సొమ్ము ఎవరిచ్చారని కవి రాముణ్ణే నిలదీస్తాడు. భాష వేడుకోలుది కాదు, బాకీ వసూలుది.

అయితే ఆ నగలు పురమాయించింది రాముడా? కాదు. అబుల్ హసన్ తానాషా (1672-87) కొలువులో పాల్వంచ తహశీల్దారైన కంచెర్ల గోపన్నే. వెచ్చించింది సర్కారు శిస్తు. ఖజానా అమానతు. అనుమతి లేకుండా పరుల సొమ్ముతో చేయించినవాడే దానికి జామీను. ధరించినవాడు ఋణగ్రస్తుడు కాడు. పోనీ నగలు వాపసు చేద్దామంటే, దేవుడి కొలతకు చేసినవాటిని బజారులో ఎవరు కొంటారు? అబూ యూసుఫ్ చూచిన చిక్కే ఇది. తన దావా నిలవదని కవికి తెలుసు. అందుకే దెబ్బలకు ఓర్వలేక తిట్టానని చివర ఒప్పుకొంటాడు. కీర్తనలోని బలమంతా ఈ నిలవని దావాలోనే ఉన్నది.

ఈ గాథను మతాల కొట్లాటగా చిత్రించేవారు పాఠాన్ని సరిగా చూడలేదు. కీర్తనలోని ఫిర్యాదు సుల్తాను మతం మీద కాదు. అలాగని ‘సర్కారు సొమ్ము తిన్నాడు, శిక్ష పడింది’ అని మనవారు చేతులు దులుపుకొనటమూ తగదు. ఇబ్బందిలో ఉన్న బాకీదారునికి గడువివ్వమని ఖుర్ఆన్ (2:280) ఆదేశం. పన్నెండేళ్ళ చెర అని సంప్రదాయం చెబుతున్నది. అది నిజమైతే, దానితోపాటు ఆ దెబ్బలను ఏ ఫిఖ్హ్ గ్రంథంతో సమర్థించగలం?

జనం అల్లుకొన్న ముగింపు మరీ విచిత్రం. అందులో సుల్తాను బాకీ మాఫీ చేయడు. రామలక్ష్మణులే రాత్రివేళ వచ్చి, మొహరీలు పైసాతో సహా చెల్లించి, రసీదు అడిగి తీసుకొంటారు.