ఒకే వ్యవహర్త – రెండు ఉచ్చారణలు: గణాంక పరీక్షా నిర్ణయము

మాండలిక పరిశోధకులు గణాంకశాస్త్రము నాశ్రయించుట నేడు పరిపాటియైనది. హర్షింపదగినదే. కాని యే పరీక్షను ఎందుకు గ్రహించిరో చెప్పక, సూత్రమున అంకెలు నింపి ఫలితము ప్రకటించు అలవాటు మాకు సమ్మతము కాదు.

గోదావరి మండలమునకు తగిన ఉదాహరణ మొకటి గైకొందము. ‘ధాన్యము’ అను మాటలోని ఒత్తు సంభాషణలో తరచు జారిపోవును. ఆ రైతే పుస్తకము చూచి చదువునపుడు మరల వినబడవచ్చును. డెల్టాలో 40 మంది రైతులచే ఆ మాటను రెండు సందర్భములందును పలికించితిమనుకొందము. అంకెలు మేము కల్పించినవే. సంభాషణలో 24 మంది, పఠనమున 16 మంది ఒత్తు విడిచిరి. పరిశోధకుడు వీనిని గళ్లలో నుంచి కై వర్గ పరీక్ష చేయును. విలువ 3.2, నూటికి ఐదుపాళ్ల హద్దు 3.84. కావున భేదము సార్థకము కాదనియు, పుస్తకము చేతనున్నను ఉచ్చారణ మారలేదనియు వ్రాయును.

దోషమిక్కడనే యున్నది. ఆ పరీక్ష 80 మంది వేర్వేరు మనుష్యులను కోరును. మన యెదుట నున్నవారు 40 మందియే. వారిలో 14 మంది రెండుచోట్లను ఒత్తు విడిచిరనియు, 14 మంది రెండుచోట్లను పలికిరనియు అనుకొందము. ఈ 28 మందియు మార్పును గూర్చి యేమియు చెప్పరు. తక్కిన 12 మందిలో 10 మంది చదువునపుడు ఒత్తు తెచ్చుకొనిరి, ఇద్దరు పోగొట్టుకొనిరి. 1947లో మెక్‌నీమర్ ప్రతిపాదించిన పరీక్ష ఈ పన్నిద్దరినే లెక్కించును. భేదము 8, దాని వర్గము 64; 12చే భాగింప 5.33. చిన్న సంఖ్యలకు చేయు సవరణ చేసినను 4.08. తీర్పు తారుమారైనది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఉభయ గోదావరులను కృష్ణా, గుంటూరులతో కలిపి మధ్యమండలముగా గుర్తించిరి. ఆధునిక ప్రామాణిక భాషకు ఆధారమైన మండల మిదియే. ఇచ్చట వాడుకకును గ్రంథమునకును గల యెడము తక్కువ. తగని పరీక్షకు అది చిక్కకుండ పోవుట సులభము. 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశము ఏ మాట యెచ్చట గలదో చూపుటకు ఉద్దేశింపబడినది. ఒక మనిషిలోని మార్పును కొలుచుట వేరు పని. 2022లో కొవ్వూరు పశ్చిమమును వీడి తూర్పు గోదావరి జిల్లాలో చేరినది. జిల్లాలవారి పట్టికలు దీనితో చిక్కుపడును గాని, మనిషిని అతనితోనే పోల్చు పట్టికకు ఏ బాధయు లేదు.

ఒక మాటకు మారుగా 30 మాటలు పలికించి, ఒత్తు నిలిచినవాని సంఖ్యను ప్రతివానికి లెక్కించినచో, రెండు సంఖ్యల భేదమే మన కొలత. భేదములు సమముగా వ్యాపించినపుడు ‘స్టూడెంట్’ 1908లో పదిమంది రోగుల నిద్రపై చూపిన జతల పరీక్ష చాలును. ఒకరిద్దరి భేదములు విపరీతమైనచో విల్కాక్సన్ 1945లో చెప్పిన స్థానముల పరీక్ష మేలు. 40 మంది 30 మాటలను 1200 సాక్ష్యములుగా చూపుట మాత్రము తగదు. మొదటి తప్పు ఉన్న భేదమును దాచినది. ఇది లేని భేదమును పుట్టింపగలదు. ప్రతివానిని ముందు మాటాడించి పిదప చదివించుటయు మంచిది కాదు; సగము మందికి క్రమము మార్చవలయును.

సిద్ధాంతవ్యాసములలో 24, 16 అను మొత్తములే అచ్చగుట మా ముఖ్యమైన ఆక్షేపణ. అవే మొత్తములు, ఒకవైపు 20 మందియు రెండవవైపు 12 మందియు మారినను వచ్చును. అప్పుడు మెక్‌నీమర్ విలువ 2 మాత్రమే. జతల పట్టిక లేనిదే ఈ రెండింటిలో ఏది జరిగినదో పరీక్షకుడు తెలిసికొనలేడు.